లెపర్డ్ గెకో తిండి మానేసిందా? ముందు వేడి చూడండి

అమెరికాలోని మన తెలుగు ఇళ్లలో కుక్క, పిల్లి అడిగే పిల్లలు ఇప్పుడు లెపర్డ్ గెకో కూడా అడుగుతున్నారు. పసుపు ఒంటిమీద నల్ల మచ్చలున్న ఈ బల్లి పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్ లాంటి చోట్ల రాళ్ల నేలల్లో పుట్టింది. బాగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. కానీ చలికాలం వచ్చిందంటే చాలా ఇళ్లలో ఒకటే బెంగ: గెకో ఏమీ తినట్లేదు!

తప్పు తిండిలోనే ఉందనుకోకండి. బల్లి ఒంట్లో మనలాగా సొంత వేడి పుట్టదు. కింది నేల వెచ్చగా ఉంటేనే తిన్నది అరుగుతుంది. చలిగా ఉన్నప్పుడు బలవంతంగా తినిపిస్తే అది కడుపులోనే కుళ్లిపోవచ్చు.

అందుకే గాజు పెట్టెలో ఒక పక్క నేల 32 డిగ్రీల సెల్సియస్, రెండో పక్క 24 నుంచి 26 డిగ్రీలు ఉండాలి. ఎక్కడ కూర్చోవాలో అదే చూసుకుంటుంది. రెండు పక్కలా దాక్కోవడానికి గూళ్లు పెట్టండి. చర్మం సులువుగా ఊడేందుకు తడి పేపర్ టవల్ వేసిన ఇంకో గూడు కావాలి. హీటర్‌కు థర్మోస్టాట్ తప్పనిసరి. వేడి రాళ్లు మాత్రం కొనొద్దు, పొట్ట కాలుతుంది. ఇసుక బదులు టైల్ గానీ, పేపర్ టవల్ గానీ పరచండి. ఇసుక మింగితే పేగుల్లో అడ్డుపడుతుంది.

ఇది ఆకులు, పండ్లు తినదు. బతికున్న కీచురాళ్లు, మీల్‌వార్మ్‌లు, డూబియా బొద్దింకలే దీని తిండి. గెకో రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్ద పురుగు వేయొద్దు. పిల్ల గెకోకు రోజూ, పెద్దదానికి రెండు మూడు రోజులకోసారి చాలు. పురుగులకు ముందురోజే క్యారెట్, ఆకుకూర పెట్టి, తర్వాత కాల్షియం, డి3 పొడి అద్ది వేయండి. కాల్షియం తగ్గితే ఎముకలు మెత్తబడి కాళ్లు వంకర పోతాయి. పెరట్లో దొరికే మిణుగురులు అస్సలు వద్దు, అవి బల్లులకు విషం.

ఆరోగ్యం తెలియాలంటే తోక చూడండి. కొవ్వంతా అక్కడే దాచుకుంటుంది. తోక లావుగా ఉంటే కొన్నాళ్లు తినకపోయినా కంగారు పడక్కర్లేదు. వేడి సరిగ్గానే ఉన్నా తోక సన్నబడుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా సరీసృపాలను చూసే డాక్టర్‌కు చూపించండి.

ఇంకో మాట. బల్లుల ఒంటిమీద సాల్మొనెల్లా ఉండొచ్చు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలుంటే గెకోను తెచ్చుకోకపోవడమే మంచిది.