గాయము చేయని శస్త్రము

వయసు మీఱిన పెద్దలను కొందఱిని మన గ్రామములలో చూచుచుందుము. వారి బుద్ధి చెక్కుచెదరదు, జ్ఞాపకశక్తి తగ్గదు. పొలముల సరిహద్దులను, పాత దస్తావేజుల తేదీలను తడుముకొనకుండ చెప్పగలరు. కాని రిజిస్ట్రారు కచేరీలో కలము చేతికిచ్చి సంతకము చేయుమన్నంతనే వ్రేళ్ళు వణకసాగును. అక్షరము కుదురదు. జీవితమంతయు చక్కని చేవ్రాలు చేసిన మనుష్యుడు తుదకు బొటనవ్రేలి ముద్ర వేసి, తల వంచుకొని లేచిపోవును. మంచినీళ్ళ గ్లాసును రెండు చేతులతో పట్టుకొనినను సగము నీరు పంచెపైననే పడును. నలుగురి నడుమ విస్తరి ముందు కూర్చుండుటకు సిగ్గుపడి పెండ్లిండ్లకు పోవుట మానుకొనిన వారును కలరు. ముసలితనము వచ్చినది, ఏమి చేయుదుమని ఇంటివారు సరిపెట్టుకొందురు. ఇది ముసలితనము కాదు, వ్యాధి. దీనికి నేడొక క్రొత్త చికిత్స ఏర్పడినది. అందు కత్తి లేదు, కోత లేదు, నెత్తురు లేదు. పనిచేయునది ధ్వని. దానిని గూర్చి పాఠకులకు కొంత విన్నవింపదలచితిమి.

ఈ చేతివణకు వేఱు, పార్కిన్సన్ వ్యాధి వేఱు. పార్కిన్సన్ వ్యాధిలో చేయి ఊరకయున్నపుడు తఱచు వణకును. దీనిలో చేతితో పని చేయబోయినపుడు వణకును. మందులు కొందఱికి గుణమిచ్చును, కొందఱికి ఈయవు. మందులు పనిచేయని వారికి పుఱ్ఱెకు రంధ్రము చేసి మెదడులోనికి తీగ దింపుట ప్రధానమార్గమై యుండెను. డెబ్బది యేండ్ల వృద్ధుడు దానికి ఒప్పుకొనుట సులభము కాదు. 2016 జూలైలో అమెరికా దేశపు ఆహారౌషధ శాఖవారు ధ్వనితో చేయు చికిత్సను ఈ వ్యాధికి అనుమతించిరి.

మన చెవి సెకనుకు ఇరువదివేల కంపనములవఱకు వినగలదు. అంతకు మించిన దానికి అతిధ్వని యని పేరు. ఇది పాఠకులకు క్రొత్తది కాదు. తాలూకా పట్టణములలో సైతము గర్భిణులకు చేయు స్కానింగు ఈ అతిధ్వనితోనే జరుగుచున్నది. స్కానింగులోని ధ్వని బలహీనమైనది. అది శరీరములోనికి పోయి, ప్రతిధ్వనియై మరలివచ్చి చిత్రము చూపును. చికిత్సకు వాడు ధ్వని బలమైనది. దానిని అనేకదిక్కుల నుండి పంపి ఒక్క బిందువున కూర్తురు. ఎండలో భూతద్దము పట్టి కాగితము కాల్చుట పిల్లలందఱును ఎఱిగిన ఆటయే. అద్దమునకు కాగితమునకు నడుమ చేయి పెట్టినను కాలదు. కిరణములు కూడిన చోటనే కాలును. అట్లే ఒక్కొక్క ధ్వనిరేఖ చర్మమును, మాంసమును దాటిపోవునపుడు హాని చేయదు. అన్నియు కలిసిన చోట మాత్రము వేడి 55 మొదలు 60 డిగ్రీలవఱకు పెరిగి, కొలది మిల్లీమీటర్ల మేర కణజాలము ఉడికిన గ్రుడ్డుసొనవలె గట్టిపడి చచ్చిపోవును. దాని ప్రక్కనున్నది బ్రతికియుండును.

ఈ విద్య ఒక్కనాటిది కాదు. 1880లో పారిసు నగరమున క్యూరీ సోదరులు, జాక్, పియేర్ అనువారు, స్ఫటికమును నొక్కిన దానినుండి విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. మఱుసటి యేడే, విద్యుత్తు పంపిన స్ఫటికము కదలునని వారే చూపిరి. ఆ కదలికయే అతిధ్వనికి తల్లి. మొదటి ప్రపంచయుద్ధమున జర్మనుల జలాంతర్గాముల జాడ తీయుటకై పాల్ లాంజెవిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బలమైన అతిధ్వనిని నీటిలోనికి పంపెను. ధ్వనికి అడ్డువచ్చిన చిన్నచేపలు చచ్చెను. నీటిలో చేయి పెట్టిన బాధ కలిగెను. ఆ వింతను కన్నులార చూచిన అమెరికనుడు ఆర్. డబ్ల్యు. వుడ్ స్వదేశమున లూమిస్ అను సహచరునితో కలిసి పరిశోధించి 1927లో ఫలితములను ప్రకటించెను. 1942లో న్యూయార్కు నగరపు కొలంబియా విశ్వవిద్యాలయమున లిన్, అతని సహచరులు ధ్వనిని ఒకచోట కూర్చి, పైపొరను చెఱుపక లోపలి కణజాలమును కాల్చవచ్చునని జంతువులపై చూపిరి. 1950 తరువాత ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున మఱియొక సోదరద్వయము, విలియం ఫ్రై, ఫ్రాన్సిస్ ఫ్రై, ఈ పనికి పూనిరి. వారు వైద్యులు కారు. ఒకరు భౌతికశాస్త్రజ్ఞులు, ఒకరు ఇంజనీరు. అయోవా విశ్వవిద్యాలయపు వైద్యులతో చేయికలిపి వారు వణకు రోగులకు చికిత్స చేసిరి.

అయినను పని అంతటితో ఆగినది. ఆటంకములు రెండు. పుఱ్ఱె యెముక ధ్వనిని మ్రింగును, వంకరపఱచును. అందువలన ఫ్రై సోదరులు రోగి పుఱ్ఱెలో కొంత యెముకను తొలగింపవలసివచ్చెను. కోత లేకుండుటకై పుట్టిన చికిత్సకు కోతయే ద్వారమయ్యెను. రెండవది, లోపల వేడి ఎచ్చట పుట్టుచున్నది, ఎంత పుట్టుచున్నది కంటితో చూచు ఉపాయము లేకుండెను. చీకటిలో బాణము వేసినట్లుండెను.

రెండవ చిక్కును ఎమ్మారై యను అయస్కాంతపు చిత్రయంత్రము తీర్చినది. 1990 తరువాతి సంవత్సరములలో బోస్టను నగరమున ఫెరెంక్ యోలెష్, కుల్లెర్వో హైనినెన్ మొదలగువారు ఆ యంత్రములోనే ధ్వనిని ప్రయోగించి, స్థలమును, అచ్చటి ఉష్ణోగ్రతను ఎప్పటికప్పుడు చూచు పద్ధతిని పెంపొందించిరి. మొదటి చిక్కును గణితము తీర్చినది. ఒక్క ధ్వనిమూలమునకు బదులు తలకు టోపీవలె అమర్చిన 1024 చిన్న మూలములను వాడుదురు. రోగి పుఱ్ఱె యెచ్చట ఎంత మందమో ముందుగనే చిత్రము తీసి, ఏ మూలము ఎంత ముందుగ, ఎంత ఆలస్యముగ ధ్వని పంపవలెనో లెక్క కట్టుదురు. దూరపు ఊరి బండి ముందుగను, దగ్గరి ఊరి బండి ఆలస్యముగను బయలుదేఱి, అన్నియు ముహూర్తమునకు పెండ్లిపందిరి చేరినట్లు, వేయి ధ్వనిరేఖలు ఒక్క క్షణమున ఒక్క బిందువును చేరును.

చికిత్స జరుగు తీరు ఇట్లుండును. రోగి తల గొఱిగి, కదలకుండ చట్రము బిగింతురు. టోపీకి తలకు నడుమ చల్లని నీరు ప్రవహించుచు చర్మమును, ఎముకను కాపాడును. రోగి మేలుకొనియే యుండును. మెదడు లోతున థాలమస్ అను భాగమునందలి చిన్నచోటికి మొదట కొద్ది వేడి పంపుదురు. అది నిలిచిపోవు మార్పు కాదు. అప్పుడు రోగిచేత కాగితముపై సుడిని గీయింతురు. గీత కుదురుకొన్నదా, మాట తడబడకున్నదా, మొగము మొద్దుబాఱకున్నదా యని చూచి, చోటు సరియైనదని నిశ్చయించుకొనిన పిమ్మటనే వేడి పెంతురు. ఉదయము ముల్లుకంపవలె గీసిన చేయి మధ్యాహ్నమునకు గుండ్రని సుడిని గీయుట కలదు.

ఇది కేవలము ప్రకటనల మాట కాదు. 2016లో ప్రకటింపబడిన పరీక్షయందు 76 మంది రోగులు పాల్గొనిరి. వారిలో 56 మందికి నిజమైన చికిత్స చేసిరి. 20 మందికి తంతంతయు నడిపి ధ్వనిని మాత్రము పంపలేదు. ఎవరికేది జరిగెనో రోగులకు తెలియనీయలేదు. మూడు మాసములకు చికిత్స పొందినవారి చేతివణకు కొలత 18.1 నుండి 9.6కు దిగినది, పొందనివారిది 16.0 నుండి 15.8 మాత్రమే అయినది. ఏడాది గడచినను గుణము నూటికి 40 వంతున నిలిచియుండెను. మఱొకవైపును దాచరాదు. ఏడాది తరువాతకూడ నూటికి 9 మందికి నడకలో తూలుడు, 14 మందికి తిమ్మిరి మిగిలెను. ఈ లెక్కను రోగికి చెప్పక చేయు చికిత్స ధర్మము కాదు.

చేతివణకు ఒక్కటియే కాదు. స్త్రీల గర్భాశయములోని ఫైబ్రాయిడు గడ్డలకు, గర్భాశయమును తీసివేయకుండ చేయు ఈ చికిత్సకు అమెరికాలో 2004లోనే అనుమతి లభించినది. క్యాన్సరు ఎముకలకు ప్రాకినపుడు కలుగు బాధను తగ్గించుటకు 2012లో అనుమతించిరి. చైనాలో చోంగ్‌చింగ్ నగరపు వైద్యులు స్వయముగ యంత్రములు నిర్మించుకొని 1997 నుండియే కంతులకు చికిత్స చేయుచున్నారు. వేడి లేకుండ, ధ్వని తాకిడిచే సూక్ష్మమైన బుడగలు పుట్టించి కంతిని పొడిచేయు మఱియొక పద్ధతి మిచిగన్ విశ్వవిద్యాలయమున పెరిగి, కాలేయపు కంతులకు 2023లో అనుమతి పొందినది.

అయినను ఇది సర్వరోగనివారిణి కాదు. ధ్వని గాలిని దాటజాలదు. కావున ఊపిరితిత్తుల లోపలి గడ్డలకు, వాయువు నిండిన ప్రేగుల వెనుకనున్న వానికి ఇది కష్టసాధ్యము. కొందఱి పుఱ్ఱె స్వభావము ధ్వనిని లోనికి చాలినంత పోనీయదు. శరీరమంతయు ప్రాకిన క్యాన్సరును ఇది మాన్పదు. పార్కిన్సన్ వ్యాధిలో వణకును తగ్గించును గాని వ్యాధి మూలమును తీయదు. "కోత లేని అద్భుతచికిత్స" యని గోడలపై పెద్దయక్షరములతో వ్రాయువారు ఈ మాటలను వ్రాయరు. ఏ రోగమునకు, ఏ స్థితిలో, నూటికి ఎందఱికి గుణమిచ్చినదో అడుగుట పాఠకుల హక్కు.

ఇంతకును మనము చేయవలసినదేమి? అతిధ్వని మన దేశమునకు మొదట చేయు మేలుతోపాటు కీడును మోసికొనివచ్చినది. తల్లిని, బిడ్డను కాపాడవలసిన స్కానింగును ఆడశిశువును గుర్తించి గర్భముననే చంపుటకు వాడిన పాపమును అరికట్టుటకై 1994లో చట్టమే చేయవలసివచ్చెను. సాధనమునకు ధర్మాధర్మములు లేవు, పట్టినచేతికే కలవు. క్రొత్త సాధనము వచ్చునపుడైనను దానిని ఎవరిచేతిలో, ఏ నియమముతో పెట్టవలెనో ముందుగ ఆలోచించుట వివేకము.

మఱియొక సంగతి. కంపవాతమునకు మన వైద్యులు పూర్వమునుండి వాడుచున్న దూలగొండి గింజలలో లీవోడోపా యను పదార్థము కలదని 1937లో మద్రాసు విశ్వవిద్యాలయమున దామోదరన్, రామస్వామి యను శాస్త్రజ్ఞులు చూపిరి. ఆ పదార్థమే పార్కిన్సన్ రోగులకు ప్రధానౌషధమని 1960 తరువాత వియన్నాలోను, అమెరికాలోను తేలినది. మన రసాయనశాలలో గింజ యుండెను, మన వైద్యశాలలో రోగి యుండెను. ఆ రెంటిని కలుపు వంతెన మాత్రము లేకపోయెను. ఫ్రై సోదరులు కట్టినది అట్టి వంతెనయే. ఇంజనీరు, గణితజ్ఞుడు, వైద్యుడు ఒక్క గదిలో కూర్చుండిననే వేయి ధ్వనులు ఒక్క బిందువున కలిసినవి.

నేడు మన దేశమునను కొన్ని ఆసుపత్రులలో ఈ యంత్రము పనిచేయుచున్నది. కాని విలువైన యంత్రమును పొరుగుదేశములనుండి కొనువాడు దాని వెలను రోగినుండియే రాబట్టుకొనును. పది ఎకరముల రైతుకు అందనిది కూలివానికి అందునా? ప్రభుత్వపు పెద్దాసుపత్రులలో కొన్నిటనైనను దీనిని నెలకొల్పవలెను. మన ఇంజనీరింగు కళాశాలలును, వైద్యకళాశాలలును కలిసి ఈ యంత్రమును నిర్మించు విద్యను అభ్యసింపవలెను. చైనావారు చేయగలిగినది మనకు చేతకానిది కాదు.

ఇంటింట వణకు చేతులతో కూర్చున్న పెద్దలున్నారు. వారిని వైద్యునియొద్దకు కొనిపోవుట ఇంటివారి పని. అందుబాటులో వైద్యము నిలుపుట ప్రభుత్వము పని. ఈ రెండును జరిగిననాడు, రిజిస్ట్రారు కచేరీలో సిరాబిళ్ళను ప్రక్కకు నెట్టి, ఆ పెద్దమనుష్యుడు కలము తెమ్మని అడుగును.