ధ్రువపత్రం సరే, బాధ్యత ఎవరిది?

వైవిధ్యం, సమ్మిళితత్వం ఇప్పుడు విశ్వవిద్యాలయాలు ఆన్‌లైన్‌లో బోధించే పాఠ్యాంశాలయ్యాయి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం ఈ పేరుతోనే సర్టిఫికెట్ కోర్సు నడుపుతోంది. ఫీజు కట్టి పాఠాలు పూర్తి చేసిన మేనేజర్లకు, అధికారులకు ధ్రువపత్రం అందుతుంది. ఇటువంటి నాయకత్వ శిక్షణను మన విశ్వవిద్యాలయాలు ప్రారంభించినా ఆశ్చర్యపోనక్కర్లేదు, దాన్ని ఆహ్వానించవచ్చు కూడా. అయితే ముందుగా ఒక ప్రశ్నకు జవాబు వెతకాలి. వివక్ష వ్యక్తి మనసులోనే ఉందా, సంస్థ నడిచే పద్ధతిలోనూ ఉందా?

మనకు తెలియకుండానే మనలో గూడుకట్టుకున్న పక్షపాతాన్ని గుర్తించడం ఈ కోర్సుల్లో ప్రధానాంశం. మనుషులు మారితే సంస్థ మారుతుందన్నది దీని వెనుక నమ్మకం. అలెగ్జాండ్రా కాలెవ్, ఫ్రాంక్ డాబిన్, ఎరిన్ కెల్లీ అనే సామాజిక శాస్త్రవేత్తలు 708 అమెరికన్ ప్రైవేటు సంస్థలకు చెందిన 1971–2002 మధ్య వివరాలను పరిశీలించి, 2006లో తమ నిర్ధారణలు ప్రకటించారు. మేనేజర్ పదవుల్లో మహిళలు, నల్లజాతివారి ప్రాతినిధ్యం పెంచడంలో శిక్షణ తరగతుల ప్రభావం అతి స్వల్పమని తేలింది. ఈ పనికి ఫలానా అధికారి లేదా కమిటీ బాధ్యులని నిర్ణయించిన చోట మాత్రం మార్పు స్పష్టంగా కనిపించింది. అటువంటి చోట శిక్షణ కూడా మెరుగైన ఫలితమిచ్చింది.

కులం విషయంలో ఈ తేడా మరింత ముఖ్యం. అంబేడ్కర్ 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయ సెమినార్‌లోనే భారతదేశంలోని కులాల పుట్టుకపై పత్రం సమర్పించారు. అయినా ఒక అమెరికన్ విశ్వవిద్యాలయం, బ్రాండైస్, తన వివక్ష నిరోధక విధానంలో కులాన్ని చేర్చడానికి 2019 దాకా పట్టింది. అప్పట్లో 23 క్యాంపస్‌లున్న కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో ఆ పని చేసింది. ఆ దేశపు క్యాంపస్‌లలో తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఇంటిపేరు, ఊరు అడిగి కులాన్ని ఆరా తీసే అలవాటు కూడా వారి వెంటే విమానమెక్కింది.

ఇక మన దేశంలో కులవివక్షకు ప్రతిసారీ మనసులో ద్వేషం కూడా అవసరం లేదు. అలహాబాద్ హైకోర్టు 2017లో ఇచ్చిన తీర్పు ఆధారంగా, అధ్యాపక పోస్టుల రిజర్వేషన్‌కు విశ్వవిద్యాలయాన్ని కాక ఒక్కో విభాగాన్ని యూనిట్‌గా తీసుకోవాలని యూజీసీ 2018 మార్చిలో ఆదేశించింది. 13 పాయింట్ల రోస్టర్ ప్రకారం ఓబీసీలకు నాలుగో పోస్టు, ఎస్సీలకు ఏడో పోస్టు, ఎస్టీలకు పద్నాలుగో పోస్టు వస్తాయి. అంటే ఆరు పోస్టులున్న విభాగంలో ఎస్సీ, ఎస్టీలకు ఒక్కటీ దక్కదు. కేంద్ర విద్యాసంస్థల్లో ఈ అన్యాయం 2019లో చట్టంతోనే తొలగింది. ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా ఆ లెక్క మారేది కాదు.

నిబంధన ఉన్నంత మాత్రాన సరిపోదని కూడా మన అనుభవం చెబుతోంది. ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులపై సాగుతున్న వివక్షను థోరట్ కమిటీ 2007లోనే నమోదు చేసింది. సమాన అవకాశాల కేంద్రం, వివక్ష నిరోధక అధికారి ఉండాలని యూజీసీ 2012లో నిబంధనలు తెచ్చింది. అవి అమల్లో ఉండగానే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ విద్యార్థి సంఘానికి చెందిన అయిదుగురు పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి వెలివేశారు. వారిలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణాలు తీసుకున్నారు. తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉందని చివరి లేఖలో రాశారు. ఆ నిబంధనలను కచ్చితంగా అమలు చేయాలంటూ రోహిత్ తల్లి రాధిక, పాయల్ తడ్వీ తల్లి ఆబేదా తడ్వీ 2019లో సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

కాబట్టి అటువంటి కోర్సు మొదలుపెట్టే విశ్వవిద్యాలయం మూడు పనులు చేయాలి. ఒకటి, ఉపకులపతి, రిజిస్ట్రార్, డీన్లు, పరిశోధక పర్యవేక్షకులు, హాస్టల్ వార్డెన్లే తొలి బ్యాచ్ విద్యార్థులు కావాలి. రెండు, పాఠ్యాంశాల్లో థోరట్ నివేదిక, రోస్టర్ లెక్కలు, ఫెలోషిప్ చెల్లింపులు, వైవా మార్కులు ఉండాలి. ఆ పాఠాలు తెలుగులోనూ ఉచితంగా అందాలి. మూడు, ఖాళీగా ఉన్న రిజర్వుడు పోస్టులు, చదువు మధ్యలో మానేసిన విద్యార్థులు, పరిష్కారమైన ఫిర్యాదుల సంఖ్యను ఏటా ప్రకటించాలి. ఏ అంశానికి ఏ అధికారి జవాబుదారో పేరుతో సహా చెప్పాలి.

సద్భావన మీద మాత్రమే నిలబడిన కార్యక్రమం గాలివాటానికి కొట్టుకుపోతుంది. 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఫెడరల్ ప్రభుత్వంలో వైవిధ్య కార్యక్రమాలను రద్దు చేస్తూ ఉత్తర్వులిచ్చారు. ఆ తర్వాత ఎన్నో విశ్వవిద్యాలయాలు తమ కార్యాలయాలను మూసివేశాయి, లేదా పేర్లు మార్చాయి. మన విద్యార్థులకు రాజ్యాంగం ఇచ్చింది హక్కు. దాన్ని కొద్ది వారాల కోర్సుగా కుదించే అవకాశం ఏ విశ్వవిద్యాలయానికీ ఇవ్వకూడదు.