గృహ యజమానుల సంఘ మండలిలో ఖాళీల భర్తీ

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఒకే నివాస సముదాయంలోని ఇళ్ళ యజమానులందరితో ఏర్పడే సంస్థను గృహ యజమానుల సంఘం అంటారు. వాడుకలో దీనిని హెచ్.ఓ.ఏ. అని వ్యవహరిస్తారు. ఇల్లు కొన్నవారికి సభ్యత్వం తప్పనిసరి. సభ్యులు ఎన్నుకొన్న డైరెక్టర్ల మండలి సంఘాన్ని నడుపుతుంది. ఎవరైనా డైరెక్టరు నడిమధ్యలో వైదొలగితే ఆ స్థానాన్ని నింపే పద్ధతి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో విధంగా ఉంటుంది. తెలుగువారు పలువురు స్థిరపడిన ఫ్రీమాంట్, శాన్ హోసే నగరాలున్న కాలిఫోర్నియా పద్ధతి ఇక్కడ వివరించబడినది.

ప్రాముఖ్యత

ఇది కేవలం లాంఛనం కాదు. నిర్వహణ రుసుము బకాయి 1,800 డాలర్లకు చేరినా, 12 నెలలు మించినా కోర్టుకు వెళ్ళకుండానే ఆ ఇంటిని వేలానికి పెట్టే అవకాశం చట్టంలో ఉన్నది. ఆ నిర్ణయం మండలి ఓటుతోనే జరగాలి. కనుక ఖాళీ కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది ప్రతి ఇంటికీ సంబంధించిన విషయమే.

భర్తీ విధానం

ఈ సంఘాలకు 1985 నాటి డేవిస్-స్టెర్లింగ్ చట్టం ప్రధానమైనది. అయితే ఖాళీల విషయం కార్పొరేషన్ల స్మృతిలోని 7224వ సెక్షనులో ఉన్నది. సంఘం బైలాలలో వేరే నియమముంటే ముందుగా దానినే పాటించాలి.

రాజీనామా వలన గాని, మరణం వలన గాని ఏర్పడిన ఖాళీని మిగిలిన డైరెక్టర్లే నింపవచ్చు. ఉదాహరణకు ఐదుగురిలో ముగ్గురు రాజీనామా చేస్తే సాధారణంగా కోరం ఉండదు. మామూలు తీర్మానాలేవీ చెల్లవు. అయినను సక్రమంగా నోటీసు ఇచ్చి జరిపిన సమావేశంలో ఆ ఇద్దరూ ఖాళీలను నింపవచ్చు. ఒక్కరే మిగిలితే ఆ ఒక్కరికీ ఈ అధికారమున్నది. మండలి నింపని స్థానానికి సభ్యులే ఎప్పుడైనా ఎన్నిక జరుపుకోవచ్చు.

సభ్యులు ఓటు వేసి తొలగించిన డైరెక్టరు సంగతి వేరు. సభ్యులు ఆమోదించిన బైలాలలో మండలికి అధికారమిస్తే తప్ప, ఆ స్థానాన్ని సభ్యులే నింపాలి. లేకున్న తొలగింపబడిన వ్యక్తినే మిత్రులు మరల తెచ్చి కూర్చోబెట్టవచ్చు గదా! ఈ సెక్షనులో అత్యంత వివేకవంతమైన భాగం ఇదే అనిపిస్తుంది.

ఎన్నిక జరగనప్పుడు

పదవీకాలం ముగిసినంత మాత్రాన స్థానం ఖాళీ అయినట్లు కాదు. వారసుడు ఎన్నికయ్యేవరకు పాత డైరెక్టరే కొనసాగుతాడు. సభ్యుల నిరాసక్తత వలన ఇట్లు ఏళ్ళ తరబడి సాగిన మండళ్ళు ఉన్నాయి. దీనికి విరుగుడుగా 2022 నుండి, పోటీదారులు స్థానాలకు మించనప్పుడు కొన్ని షరతులతో ఏకగ్రీవ ఎన్నికను అనుమతించారు. 2024 నుండి, కోరం లేక వాయిదాపడిన ఎన్నికను కనీసం 20 రోజుల తరువాత 20 శాతం సభ్యులతో జరుపవచ్చు.

ఎవ్వరూ ముందుకు రాకపోతే న్యాయస్థానం రిసీవరును నియమించవచ్చు. ఆ ఖర్చు సాధారణంగా సంఘ నిధి నుండే, అనగా సభ్యుల జేబుల నుండే, పోతుంది.