గదికొక ధ్వని, బల్లకొక ధ్వని

హైదరాబాదులో జూబిలీహిల్స్ రాళ్లగుట్టల మీదుగా ఫిలింనగర్ వైపు సాగే వీధులలో పాటలు రికార్డు చేసే గదులు, సంభాషణలు చేర్చే గదులు, ధ్వనులన్నింటిని కలిపి తుదిరూపం ఇచ్చే మందిరాలు ఎన్నో ఉన్నవి. 1932లో విడుదలయిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ బొంబాయిలో తయారయినది. ఆ తరువాత చాలకాలం మద్రాసు తెలుగు సినిమాకు నెలవు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోను ప్రారంభించడం, పిమ్మట డి. రామానాయుడు ఫిలింనగర్‌లో స్టూడియో నిర్మించడం వంటి ప్రయత్నాలతో ఆ నెలవు ఈ గుట్టల మీదికి మారినది.

ధ్వనులను కలిపే మందిరం ఒక చిన్న సినిమా హాలే. తెరకు కంటికి కనబడనంత సన్నని రంధ్రాలుంటవి. తెర వెనుక ఎడమన, మధ్యన, కుడిన పెద్ద స్పీకర్లు, ప్రక్కగోడలకు, వెనుక గోడకు మరికొన్ని స్పీకర్లు, మిక్కిలి మంద్రమైన ధ్వనుల కొరకు వేరొక పెద్ద పెట్టె ఉంటవి. తెర వెనుక స్పీకరు ఒక్కొక్కటి, నిర్ణీతమైన పరీక్షాధ్వనిని 85 డెసిబెలుల తీవ్రతతో ఇంజనీరు కూర్చునే చోటికి చేర్చేటట్లు సరిచేయడం సినిమా రంగంలో అంతర్జాతీయంగా పాటించే ప్రమాణం. నటుడు గుసగుసలాడినా, కోటగోడ కూలినా, ఆ మందిరంలో ఎంత వినబడవలెనో అంతే వినబడుతుంది.

అక్కడ తయారయిన సినిమా కొన్నాళ్లకు ఇంటికి వస్తుంది. ఇంటిలో ఉన్నవి పిడికిలంత పెట్టెలు అయిదు కావచ్చును. కంప్యూటరు బల్లపై ఉండే రెండు పెట్టెలు కావచ్చును. అప్పుడు దాదాపు ప్రతి ఇంటిలోను ఒకే ఫిర్యాదు: “మాటలు వినబడడం లేదు, కొట్లాట వస్తే ఇల్లు అదిరిపోతున్నది.” ఒకరు రిమోటు పట్టుకొని మాటలకు ధ్వని పెంచుతూ, పోరాటాలకు తగ్గిస్తూ సినిమా అంతా గడుపుతారు. ఈ చిక్కు ఎక్కడ పుట్టినది? చూడడానికి ఒకేవిధంగా ఉండే ఈ రెండు రకాల చిన్న పెట్టెలలో తేడా ఏమి? దుకాణంలో అడిగితే వాట్ల లెక్క చెబుతారు. అసలు తేడా వాట్లలో లేదు. ఒకటి గది కొరకు, రెండవది చేతి దూరంలో కూర్చున్న ఒక్క మనిషి కొరకు ఉద్దేశించినవి. తేడా అక్కడ ఉన్నది.

మొదట స్పీకరు చేసే పని చూడవలెను. అయస్కాంత క్షేత్రంలో వ్రేలాడే తీగచుట్ట, దానికి అంటించిన కాగితపు శంకువు: 1925లో రైస్, కెలాగ్ అనే ఇంజనీర్లు వివరించిన ఈ నిర్మాణం నేటికీ మూలంలో మారలేదు. చుట్టలో విద్యుత్తు ఇటూ అటూ పారినప్పుడు శంకువు ముందుకు వెనుకకు కదలి గాలిని నెడుతుంది. ధ్వని ఎంత మంద్రమయితే అంత ఎక్కువ గాలిని నెట్టవలెను. తీవ్రత తగ్గకుండా పౌనఃపున్యాన్ని సగానికి దింపవలెనంటే శంకువు నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలవలసి వస్తుంది. 400 హెర్ట్జుల ధ్వనికి ఒక శంకువు మిల్లీమీటరులో పదవవంతు కదిలినదనుకొందాము. అదే తీవ్రతతో 50 హెర్ట్జులు పలకడానికి మూడుసార్లు సగం చేయవలెను. అనగా 64 రెట్లు, 6.4 మిల్లీమీటర్లు. ఏడు సెంటీమీటర్ల వ్యాసం గల చిన్న శంకువుకు ఇది శక్తికి మించిన పని. ఇరవై సెంటీమీటర్ల శంకువు వైశాల్యం దానికి ఎనిమిది రెట్లు గనుక, అది ముప్పాతిక మిల్లీమీటరుకు పైచిలుకు కదిలితే చాలును. పెద్ద స్పీకరుకు పెద్దరికం వచ్చినది ఈ కారణంగానే.

శంకువు తరువాత పెట్టె. శంకువు ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకొంటుంది, వెనుక గాలి పలుచబడుతుంది. పెట్టె లేకపోతే ఈ రెండూ కలిసి మంద్రధ్వనులు ఒకదానినొకటి రద్దుచేసుకొంటవి. పెట్టెలో బంధింపబడిన గాలి ఒక స్ప్రింగు వలె పనిచేస్తుంది. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ ఈ గాలి స్ప్రింగునే ఉపయోగించుకొని, అంతవరకు బీరువాలంత ఉండిన స్పీకర్లను పుస్తకాల అలమరలో పట్టేంతకు తగ్గించినాడు. కాని ప్రకృతి ఏదీ ఉచితంగా ఇవ్వదు. స్పీకర్ల ఇంజనీర్లు హాఫ్‌మన్ పేరుతో చెప్పుకొనే ఒక కఠిన నియమం ఉన్నది: చిన్న పెట్టె, లోతైన మంద్రం, తక్కువ విద్యుత్తుతో ఎక్కువ ధ్వని అనే మూడింటిలో రెండే దొరుకుతవి. పెట్టె పరిమాణం మార్చకుండా మంద్రపు హద్దును సగం పౌనఃపున్యానికి దింపితే దక్షత ఎనిమిదవ వంతుకు పడిపోతుంది. 10 వాట్లతో జరిగే పనికి 80 వాట్లు కావలెను.

ఈ నియమాన్ని ఎవరూ తప్పించుకోలేదు గాని, దాని బరువును ఒక మూలకు నెట్టే ఉపాయం దొరికినది. 1987లో బోస్ సంస్థ రెండు చోట్ల పెట్టే చిన్న ఘనాకార పెట్టెలను, వీనికి తోడు కంటికి కనబడకుండా దాచదగిన ఒక మంద్రపు పెట్టెను అమ్మకానికి తెచ్చినది. నేటి చిన్న హోమ్ థియేటరు సెట్లు, ‘2.1’ అని వ్రాసి ఉండే కంప్యూటరు సెట్లు ఈ పద్ధతినే అనుసరిస్తవి. ఇందుకు వీలు కల్పించినది మన చెవి. రెండు చెవుల మధ్య దూరం ఇంచుమించు 18 సెంటీమీటర్లు. 80 హెర్ట్జుల ధ్వని తరంగదైర్ఘ్యం నాలుగు మీటర్లకు పైన. అంత పొడవైన అల రెండు చెవులను దాదాపు ఒకేవిధంగా తాకుతుంది గనుక అది ఏ దిక్కునుండి వచ్చినదో మూసిన గదిలో చెవి పోల్చుకోలేదు. అందుచేత ఆ పెట్టెను సోఫా వెనుక దాచినా, ధ్వని తెరనుండి వచ్చినట్లే ఉంటుంది.

ఇక్కడనే రెండు రకాల మధ్య మొదటి తేడా కనబడుతుంది. హోమ్ థియేటరు సెట్టులో పెట్టెలు కొంచెం పెద్దవయితే 80 లేక 100 హెర్ట్జుల వరకు తామే పలుకుతవి; అంతకు క్రిందిది మాత్రమే సబ్ వూఫరుకు వదలుతవి. కంప్యూటరు సెట్టులోని అతి చిన్న పెట్టెలు తరచు 200 హెర్ట్జుల దగ్గరనే చేతులెత్తేస్తవి. పురుషుని కంఠం మూలస్వరం 100 నుండి 150 హెర్ట్జుల ప్రాంతంలో ఉంటుంది. అప్పుడు నాయకుని మాటలో సగం తెరదగ్గర, సగం బల్లక్రింద కాళ్ల దగ్గర పలుకుతుంది. కంఠం డబ్బాలో మాట్లాడినట్లు మ్రోగడానికి తరచు కారణం ఇదే. పిడికిలంత పెట్టెలు గల హోమ్ థియేటరు సెట్లకూ ఈ దోషం ఉన్నది. ఆ పేరు పెట్టుకొన్నంత మాత్రాన అది పోదు.

అయితే మంద్రం లేని చిన్న పెట్టెలో మృదంగం మృదంగం వలెనే ఎందుకు వినబడుతుంది? మూలస్వరం వినబడకపోయినా, దాని రెండింతలు, మూడింతలు, నాలుగింతలు పౌనఃపున్యం గల అతిస్వరాలు చేరితే, మెదడు మూలస్వరాన్ని తానే ఊహించి పూరించుకొంటుంది. సాధారణంగా చర్మవాద్యాల అతిస్వరాలు ఇట్టి పూర్ణాంక నిష్పత్తిలో ఉండవు. మృదంగానికి, తబలాకు మధ్య అంటించే నల్లని ముద్ద ఆ స్వరాలను క్రమంలోకి తెస్తుందని, బాల్యంలో విశాఖపట్నంలో చదువుకొన్న సి. వి. రామన్ 1920లో ఒక సహచరునితో కలిసి నేచర్ పత్రికలో చూపినాడు. చిన్న స్పీకరులో మృదంగపు శ్రుతి నిలవడంలో ఆ ముద్దకూ కొంత భాగం ఉన్నది. ఛాతీకి తగిలే ఒత్తిడిని మాత్రం మెదడు పూరించలేదు. 2015లో వచ్చిన ‘బాహుబలి’ యుద్ధఘట్టం బల్లమీద చిన్నబోవడం అందువలన.

రెండవ తేడా దూరంలో ఉన్నది. బహిరంగ ప్రదేశంలో దూరం రెట్టింపయితే తీవ్రత నాలుగవ వంతు, అనగా 6 డెసిబెలుల తగ్గుదల. కంప్యూటరు ముందు కూర్చున్నవాని చెవికి పెట్టె 60 సెంటీమీటర్ల దూరం. అదే పెట్టెను 2.4 మీటర్ల దూరంలో సోఫామీదనుండి వింటే తీవ్రత పదహారవ వంతు. బల్లదగ్గర సగటున వాటులో ఇరవయ్యవ వంతు చాలిన ధ్వనికి సోఫాదగ్గర 0.8 వాటు కావలెను. సినిమాలో పిడుగుపాటు వంటి ధ్వని సగటుకు 20 డెసిబెలులు మించవచ్చును. దానికి నూరు రెట్లు శక్తి. బల్లదగ్గర 5 వాట్లతో గడిచే ఆ క్షణానికి సోఫాదగ్గర 80 వాట్లు కావలసి వస్తుంది. గదిలో గోడల పరావర్తనం కొంత ఆదుకొంటుంది గనుక లెక్క ఇంత కఠినంగా ఉండదు గాని, తేడా పెద్దదే.

ఆదుకొనే ఆ గోడలే మాటను చెరుపుతవి కూడ. జూబిలీహిల్స్ అపార్టుమెంట్లలో గ్రానైటు నేల, అద్దాల కిటికీలు, నున్నని గోడలు సాధారణం. ఇవి ధ్వనిని దాదాపు పూర్తిగా త్రిప్పికొడతవి. ఒక అక్షరం మ్రోత ముగియకముందే రెండవ అక్షరం వచ్చి పడుతుంది. నేలమీద తివాచీ, కిటికీకి దళసరి తెర, వెనుకగోడకు పుస్తకాల బీరువా ఉంటే, వందల రూపాయలు పోసి కొన్న కొత్త తీగకన్న మేలు. బల్లదగ్గర కూర్చున్నవానికి ఈ బాధ తక్కువ; పెట్టెనుండి నేరుగా వచ్చే ధ్వనియే అతనిని ముంచి, గోడలనుండి వచ్చేది వెనుకబడుతుంది. స్టూడియో ఇంజనీర్లకు ఇది బాగుగా తెలుసును. పెద్ద స్పీకర్లు ఎదుట ఉన్నా వారు చిన్న పెట్టెలను మీటల బల్లమీదనే పెట్టుకొని వింటారు. 1978లో ఇళ్ల కొరకని యమహా సంస్థ చేసిన ఎన్.ఎస్.-10 అనే పెట్టె ప్రపంచమంతటా స్టూడియోలలోకి చేరినది ఈ విధంగానే. ఒక్కడు దగ్గర కూర్చుని వినేటప్పుడు మంచి కంప్యూటరు స్పీకర్ల జత, దానికి రెండింతలు వెలగల హోమ్ థియేటరును మించగలదు.

ఇక మొదటి ఫిర్యాదుకు వద్దాము. సినిమా మిశ్రమణలో మాటలు చాలవరకు మధ్య స్పీకరుకు కేటాయిస్తారు. సంగీతం ఎడమ కుడులకు, పరిసరధ్వనులు ప్రక్కగోడలకు పోతవి. అయిదు పెట్టెలు, ఒక సబ్ వూఫరు గల ‘5.1’ సెట్టులో ఈ ఏర్పాటు నిలుస్తుంది. రెండే పెట్టెలున్నచోట యంత్రం మధ్యదానిని 3 డెసిబెలులు తగ్గించి రెంటికీ పంచుతుంది. సంగీతం, పరిసరధ్వని కూడ ఆ రెంటిలోకే వచ్చి చేరుతవి. ఒకే తలుపులో అందరూ దూరినట్లు మాట నలుగుతుంది. రెండు పెట్టెలకు సరిగా నడుమ కూర్చున్న ఒక్కనికి మాట తెరమధ్యనుండి వచ్చినట్లు భ్రాంతి కలుగుతుంది. సోఫా చివర కూర్చున్న అమ్మమ్మకు ఆ భ్రాంతి లేదు. దగ్గరి పెట్టె మాత్రమే ఆమెకు మాట్లాడుతుంది. కనుక కుటుంబమంతా చూసే గదిలో మొదట కొనవలసినది సబ్ వూఫరు కాదు, మాటలు పలికే మధ్యపెట్టె. పెక్కు యంత్రాలలో ‘రాత్రి’ అనే మీట ఉంటుంది. అది గుసగుసను పెంచి పిడుగును తగ్గిస్తుంది. రిమోటు పట్టుకొన్నవారు చేసే పని అదే చేస్తుంది. అపార్టుమెంటులో క్రింది ఇంటివారికి కూడ అది మేలు; పొడవైన అలలను గోడలు ఆపలేవు.

వాట్ల సంగతి కూడ ఒకటి చెప్పవలెను. కొన్ని పెట్టెలమీద పి.ఎం.పి.ఓ. అనే గుర్తుతో వందల, వేల వాట్లు అచ్చువేస్తారు. ఆ గుర్తుకు అందరూ ఒప్పుకొన్న నిర్వచనమే లేదు. పదవ తరగతి విద్యార్థి దీనిని అరనిమిషంలో పరీక్షించవచ్చును. పెట్టెతో వచ్చిన అడాప్టరుమీద వోల్టులు, ఆంపియర్లు వ్రాసి ఉంటవి. ఆ రెంటిని గుణిస్తే వాట్లు. కంప్యూటరు యు.ఎస్.బి. 2.0 రంధ్రంనుండి మాత్రమే విద్యుత్తు తీసుకొనే పెట్టెకు 5 వోల్టులు, సగం ఆంపియరు, అనగా రెండున్నర వాట్లు మించి అందవు. శక్తి నిత్యత్వ సూత్రం ప్రకారం లోపలికి పోనిది బయటికి నిలకడగా రాదు. అచ్చువేసినది 500 అయినా సరే.

పాఠశాలల్లో ఈ లెక్కకు మరొక ప్రయోజనం ఉన్నది. దృశ్యపాఠం చూపడానికి ఉపాధ్యాయులు తరచు కంప్యూటరు పెట్టెల జతనే బల్లమీద పెడతారు. మొదటి బల్లనుండి వింటే స్పష్టంగానే ఉంటుంది. ఎనిమిది మీటర్ల దూరంలో చివరి బల్లకు మాత్రం అచ్చులు చేరుతవి, హల్లులు చేరవు. స, శ, త, ప వంటి హల్లులను వేరుచేసే ధ్వనులు ఎక్కువగా 2000 హెర్ట్జులకు పైన ఉంటవి. అవి స్వతహాగా బలహీనమయినవి, అచ్చుల వలె అన్ని వైపులకు పరచుకోక శంకువు చూసిన దిక్కుకే పోతవి. బల్లమీద పెట్టెలు సాధారణంగా పిల్లల తలలకన్న క్రింద ఉండి, ముందువరుస వీపులకు తగులుతవి. వానిని పిల్లల తలలకన్న ఎత్తున గోడబల్లపై ఉంచి, చివరి వరుస వైపు కొంచెం వంచితే ఒక్క పైసా ఖర్చు లేకుండా కొంత మార్పు వస్తుంది. అరవైమంది గదికి అది చాలదు. జతలో ఒక పెట్టెను పొడవైన తీగతో గది నడుమకు తెస్తే దూరం సగమయి 6 డెసిబెలులు కలిసివస్తవి. ఫోనులో స్వరాలు పలికే సాధనంతో 400, 200, 100, 50 హెర్ట్జులు వరుసగా వినిపించి, ఏ అంకెదగ్గర ధ్వని మాయమయినదో ప్రతి వరుసలోని విద్యార్థి తన నోటు పుస్తకంలో వ్రాసుకొంటే, ఆ తరగతికి తన స్పీకరు హద్దు తెలుస్తుంది.