సబ్బు వాసన వెనుక నేల సంగతి: వట్టివేరు సాగులో గమనింపదగిన విషయములు

వేసవిలో గుమ్మానికి వట్టివేరు తడిక కట్టి నీళ్లు చల్లుట, మంచినీళ్ల కుండలో నాలుగు వేళ్లు వేయుట, సున్నిపిండిలో ఆ పొడి కలుపుట మన ఇండ్లలో తరతరాల అలవాట్లు. ఈ వేరు నుంచి తీసిన నూనె నేడు దేశదేశాలలో అమ్ముడుపోవు సరుకు. ఇది త్వరగా ఆవిరైపోదు. తనతో కలిసిన తేలిక వాసనలను కూడ ఎక్కువ సేపు పట్టియుంచును. అందువలన సెంట్లు, సబ్బులు, ఒంటికి పూసుకొను క్రీములు తయారుచేయువారికి దీని అవసరము ఎంతో ఉన్నది.

ఇటీవలి కాలంలో ఈ సరుకులు కొనువారి ధోరణి మారినది. ముఖము తోముకొను క్రీములలో కలుపు సన్నని ప్లాస్టిక్ పూసలు కాలువల ద్వారా సముద్రము చేరుచున్నవని తెలిసి, అమెరికా 2015లో వాటిని నిషేధించుచు చట్టము చేసినది. ఐరోపా సమాఖ్య 2023లో అటువంటి కట్టడినే తెచ్చినది. అంతకు ముందే, 2010లో, ఐరోపాలోని ఐదు సంస్థలు కలిసి ప్రకృతి సిద్ధమైన సౌందర్య సాధనాలకు 'కాస్మోస్' అను ఒక ప్రమాణమును ఏర్పరచినవి. సరుకు ఎక్కడ పండినది, ఎట్లు పండినది అను ప్రశ్న ఇప్పుడు దుకాణము నుంచి పొలము వరకు నడిచి వచ్చుచున్నది. మొక్క నుంచి వచ్చినదైతే చాలు, అది నేలకు మేలు చేసినదే అని తలచుట పొరపాటు. ఇందుకు వట్టివేరే మంచి ఉదాహరణ.

ప్రపంచంలో అమ్ముడుపోవు వట్టివేరు నూనెలో సుమారు సగము వెస్టిండీసు దీవులలోని హైతీ దేశమునుంచే వచ్చునని వ్యాపారస్థుల అంచనా. అక్కడ దక్షిణ భాగంలో, లే కై పట్టణపు చుట్టుపట్ల, వేలాది చిన్న రైతులు దీనిని కొండవాలులలో పండించుచున్నారు. వేరు పక్వమగుటకు 12 నుంచి 18 నెలలు పట్టును. ఇంటిలో జబ్బు చేసినా, పిల్లల బడి జీతము కట్టవలసి వచ్చినా రైతు అంతకాలము ఆగలేడు. ఏడాది నిండకముందే గడ్డపార పట్టును. లేత వేరులో నూనె తక్కువ, వాసన పలుచన. అంతకంటె పెద్ద నష్టము మరొకటి ఉన్నది. దుబ్బును పెకలించినప్పుడు వాలు నేల అంతయు గుల్లయగును. తరువాతి వానకు పైమన్ను కొట్టుకొనిపోవును. అడవులు చాలవరకు నరికివేయబడిన దేశమది. 2016లో పెనుతుపాను, 2021లో భూకంపము ఆ ప్రాంతాన్నే దెబ్బతీసినవి.

ఈ చిక్కును చూచి, అత్తరు కంపెనీలు కొన్ని రైతుల సహకార సంఘాల ద్వారా పక్వమైన వేరుకు అదనపు ధర ఇచ్చు పద్ధతిని ప్రవేశపెట్టినవి. ఇది మంచిదే. అయితే తొందరపడి తవ్విన రైతు తెలివితక్కువవాడని ఎవరును అనరాదు. చేతిలో పైకము లేనివానికి పక్వము గూర్చి బోధించి ప్రయోజనము లేదు. ఆగుటకు వీలు కల్పించు ధర, అప్పు ఉన్నప్పుడే వేరు నేలలో నిలుచును.

గట్టు మీది వట్టివేరు వేరు, పొలములోని వట్టివేరు వేరు

విచిత్రమేమనగా, నేలను పట్టి నిలుపుటకు ఇంతకు మించిన గడ్డి అరుదు. దీని వేళ్లు ప్రక్కలకు ప్రాకవు, నిట్టనిలువుగా దిగును. మంచి నేలలో 3 మీటర్ల లోతుకు పోవును. కర్ణాటకలోని గుండ్లుపేట ప్రాంతపు రైతులు తరతరాలుగా దీనిని పొలము హద్దులకు నాటుచున్నారు. 1980ల దశకంలో ప్రపంచ బ్యాంకు వ్యవసాయ నిపుణులు నేల కోతను ఆపుటకు ఈ గడ్డినే ప్రచారము చేసిరి.

కనుక మొదట నిర్ణయించుకొనవలసినది ఒక్కటే: గట్టు కొరకా, నూనె కొరకా? గట్టు కొరకైతే వాలుకు అడ్డముగా, ఒకే మట్టములో, 10–15 సెంటీమీటర్ల దూరమున పిలకలు నాటవలెను. సందులు పడినచోట మరల నాటవలెను. రెండు మూడేండ్లలో గోడవలె అల్లుకొనును. దాని ఆకు కోసి పశువులకు వేయవచ్చును, కప్పు కప్పవచ్చును. వేరు మాత్రము ఎన్నడును తవ్వరాదు. విత్తనము కట్టని దక్షిణాది రకమునే ఎన్నుకొన్నచో పొలములో కలుపుగా మారదు.

నూనె కొరకైతే సమతలముగా ఉన్న, నీరు నిలువని ఇసుక లేక గరప నేల కావలెను. తమిళనాడులో కడలూరు తీరపు ఇసుక నేలలలో ఈ పంట ఉన్నది. ఇసుకలో వేరు తెగకుండ పైకి వచ్చును. వానలు పడగానే పిలకలు నాటవలెను. మొదటి మూడు నాలుగు నెలలు వరుసల నడుమ పెసర, అలసంద వంటివి వేసికొన్నచో చేతికి కొంత పైకము వచ్చును. హైతీ రైతుకు కరవైన వెసులుబాటు ఇదియే. తవ్వకము వానాకాలములో పెట్టుకొనరాదు. పొలమంతయు ఒక్కసారి బోడిచేయక, పట్టీలు పట్టీలుగా తవ్వి, తవ్వినచోట నీటి వసతి ఉన్నచో వెంటనే పిలకలు నాటుట మేలు.

నూనె తీయుట ఓపికతో కూడిన పని. వేళ్లను కడిగి, ముక్కలు చేసి, రాత్రంతా నానవేసి ఆవిరి బట్టీ పెట్టవలెను. ఒక్కొక్క బట్టీ ఇంచుమించు ఒక పగలు, ఒక రాత్రి సాగును. ఈ నూనె బరువు నీటి బరువుకు దగ్గరగా ఉండుటచే వేరుపరచుట కూడ కొంచెము కష్టము. ఇంత సేపు మండించుటకు కట్టెలు నరుకుచు పోయినచో ప్రకృతి సరుకు అను పేరుకు అర్థముండదు. నూనె తీసిన వేళ్లను ఆరబెట్టి ఆ బట్టీకే ఇంధనముగా వాడుట మంచిది.

బట్టీ ఖర్చు ఒక్క రైతు భరించునది కాదు. పది పదిహేను మంది కలిసి పెట్టుకొనవలెను. వేరు నిల్వకు ఆగును గాని కొనువాడు ఆగడు. అందుచేత పిలక నాటకముందే ఎవరు కొందురో, ఏ ధరకో కాగితము మీద వ్రాయించుకొనవలెను. పిలకలమ్మి, తరువాత నూనె తామే కొందుమని నోటిమాట ఇచ్చువారిని నమ్మి ఎకరాలకు ఎకరాలు నాటరాదు. ఈ విషయమున గ్రామోద్యోగులు రైతులను ముందుగానే హెచ్చరించుట అవసరము. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధనా సంస్థ ధరిణి, కేసరి, గులాబి మొదలగు రకములను రూపొందించినది. దాని పరిశోధన కేంద్రము హైదరాబాదు వద్ద బోడుప్పల్‌లో కలదు. రకముల ఎంపిక, నూనె పరీక్ష గూర్చి అచ్చట విచారించి, మొదటి ఏడు ఒక పావు ఎకరములో మాత్రమే వేసి చూడవలెను.