కొలువు బొమ్మకు మక్కు వైద్యం

అటకమీది కొలువు బొమ్మల పెట్టె తెరిస్తే అంబారీ ఏనుగుకి చెవి ఊడి ఉందా? పారేయకండి! కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి కర్ర దొరకడమే ఇప్పుడు గగనమవుతోంది. పైగా ఆ బొమ్మల్ని ఒకే చెక్కలోంచి తీయరు. భాగాల్ని విడివిడిగా చెక్కి ‘మక్కు’తో అతికిస్తారు. కాబట్టి ఊడిందాన్ని మళ్లీ అతికించొచ్చు. సెలవుల్లో పిల్లలతో కలిసి నేర్చుకోదగ్గ పని ఇది.

చింతగింజల్ని వేయించి, పైపెంకు తీసి, మెత్తగా పొడిచేసి నీళ్లలో ఉడికిస్తే జిగురు వస్తుంది. అందులో రంపపు పొట్టు కలిపితే మక్కు సిద్ధం. దాంతో అతుకు పెట్టి, పూర్తిగా ఆరాక ఉప్పు కాగితంతో నున్నగా రుద్దాలి. ఆపైన సుద్ద పూత, చివర్లో రంగు. తడి ఆరకముందే తొందరపడితే రంగు పెచ్చులూడుతుంది. కాస్త ఓపిక పడితే సంక్రాంతి కొలువుకి ఏనుగు తయార్!