వార్తల్లో పదం: పీయూసీ

వాహనం పొగ కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు-1989లోని పరిమితికి లోబడి ఉందని తెలిపే ధ్రువపత్రమే పీయూసీ. బీఎస్-4 (భారత్ స్టేజ్-4 ఉద్గార ప్రమాణాల) పెట్రోలు కారు ఇంజిన్ ఖాళీగా తిరిగేటప్పుడు పొగలో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం మించకూడదు. ఇది ఘనపరిమాణంలో శాతం. రంగూ వాసనా లేని ఈ విషవాయువు ఎన్ని గ్రాములు గాలిలో కలిసిందో ఈ అంకె చెప్పదు. అందుకు ఆదర్శ వాయు సమీకరణం కావాలి: పీడనం × ఘనపరిమాణం = మోల్‌ల సంఖ్య × వాయు స్థిరాంకం × ఉష్ణోగ్రత.

అమలాపురం గడియార స్తంభం దగ్గర ఆగిన కారు నిమిషానికి 100 లీటర్ల పొగ వదిలిందనుకుంటే, అది 30 డిగ్రీలకు చల్లబడ్డాక తీసిన కొలత అయితే, అందులో కార్బన్ మోనాక్సైడ్ 0.3 లీటరు. అమలాపురం ఉన్న కోనసీమ సముద్రమట్టానికి దగ్గర కనుక పీడనం 1 అట్మాస్ఫియర్. 0.3ను వాయు స్థిరాంకం 0.0821, ఉష్ణోగ్రత 303 కెల్విన్‌ల (30 + 273) లబ్ధంతో భాగిస్తే 0.012 మోల్; మోల్‌కు 28 గ్రాముల చొప్పున 0.34 గ్రాము.

పొరపాటు జరిగేది ఉష్ణోగ్రత దగ్గరే. ఆ 100 లీటర్లూ గొట్టంలో 400 డిగ్రీల వేడి మీద కొలిచినవైతే బరువు 0.15 గ్రామే. వేడికి వాయువు వ్యాకోచించి, లీటరులో పట్టే అణువులు తగ్గిపోతాయి. కెల్విన్‌కు బదులు సెల్సియస్ అంకె వేస్తే లెక్క మొత్తం తప్పుతుంది.

2020 ఏప్రిల్ 1న వచ్చిన బీఎస్-6లో పెట్రోలు కారుకు కార్బన్ మోనాక్సైడ్ పరిమితి కిలోమీటరుకు 1 గ్రాము. ప్రయోగశాలలో పొగను గాలితో పలచబరిచి, ఘనపరిమాణాన్ని 0 డిగ్రీలకు, 1 అట్మాస్ఫియర్‌కు సవరించి, లీటరుకు 1.25 గ్రాములుగా లెక్కిస్తారు. పీయూసీ కేంద్రంలో పొగ ప్రవాహాన్ని కొలవరు కాబట్టి ధ్రువపత్రం మీద గ్రాములు ఉండవు.